పేరు లేని ఊరికి నాలుగు రోజులు

మొదటి రోజు

అనంతపురం బస్టాండులో గుత్తి బస్సెక్కి కూర్చుని కండక్టర్‌కు ఆధార్ కార్డు చూపించాను. మిషన్ కిర్రుమని ఒక చీటీ ఇచ్చింది. అందులో నేను కట్టాల్సింది సున్నా. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు మొదలుకొని ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్ళకు టికెట్టు లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోజుకు రెండు బస్సులు మారి బడికి పోయినదాన్ని, జీతంలో ఎంత బస్సులకు పోశానో లెక్క లేదు. రిటైరయ్యాక ఫ్రీ వచ్చింది. పక్క సీటావిడతో ఆ మాట అంటే, "మీరు పోయడం అయిపోయినాకే మాకు వచ్చిందిలే మేడం" అని నవ్వింది.

పోయేది ఒక చిన్న ఊరికి. గుత్తికీ పత్తికొండకూ మధ్య ఉందని చెబితే చాలు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. 2011లో ఆ ఊరి జనాభా లెక్కలు రాసింది కూడా నేనే. 2021లో రాయాల్సిన లెక్కలు కరోనాతో ఆగిపోయి, 2027 ఫిబ్రవరిలో రాస్తారని పేపర్లో చదివినప్పటి నుంచి ఒకసారి పోయి రావాలని మనసు లాగుతోంది. ఊరి పేరు రాయను. రాసినా జనాభా పుస్తకంలో మీకు దొరకదు. ఎందుకు దొరకదో రెండో రోజు చెబుతాను.

గార్లదిన్నె, పామిడి దాటాం. పామిడి దగ్గర పెన్నలో నీళ్ళు లేవు, ఇసుకే. గుత్తిలో దిగేసరికి తొమ్మిదిన్నర. బస్టాండు బయట ఉగ్గాని, బజ్జి తిన్నాను. నానబెట్టిన బొరుగులకు తాలింపు వేయడం మా వైపు వాళ్ళకే చేతనవుతుంది, ఇంకెవరు చేసినా ముద్దవుతుంది. దీని మీద ఎవరితోనైనా వాదనకు సిద్ధం.

గుత్తి చిన్న పట్నమే గానీ దారులకు పెద్దది. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు హైవే, బళ్ళారి వైపు నుంచి తాడిపత్రి మీదుగా కృష్ణపట్నం దాకా పోయే 67వ నంబరు హైవే ఇక్కడ కలుస్తాయి. రైళ్ళకు జంక్షను, ఇంజన్ల షెడ్డు. ఇక్కడ నిలబడితే ఢిల్లీకైనా మద్రాసుకైనా బండి దొరుకుతుంది. నేను పోవాల్సిన ఊరికి మాత్రం ఏదీ పోదు. పత్తికొండ బస్సెక్కి నడిమధ్యలో దిగాలి.

ఆ బస్సులో నలభై మంది ఉంటే ముప్పై మంది ఆడవాళ్ళే. "ఆటోల్లో పోయేవాళ్ళంతా ఇప్పుడు బస్సెక్కుతాండారు మేడం. జీరో టికెట్లు కొట్టీ కొట్టీ రోలు అయిపోతాంది" అన్నాడు కండక్టరు. విసుగ్గా అన్నాడో సంతోషంగా అన్నాడో తెలియలేదు.

గుత్తి దాటాక ఎంతోసేపు పట్టదు, కర్నూలు జిల్లా వస్తుంది. ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాల గుట్ట. మా బడిపిల్లల్ని ఒకసారి ట్రాక్టర్‌లో ఎక్కించుకొచ్చి చూపించాను. ఇక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు ఉంటాయి, సేద్యంలో ఎద్దులు చాలు చివర మళ్ళినట్టు. అది చెబితే ఒక పిల్లోడు "మేము అట్ల రాస్తే కొడతారు కదా టీచర్" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. పాటలీపుత్రంలో ఉన్న రాజు 2,200 ఏళ్ళ కిందట తన మాట తెచ్చి ఈ బండ మీద చెక్కించాడంటే, ఈ దారిలో జనం బాగా తిరిగేవాళ్ళనే అర్థం. ఎవరూ నడవని చోట ఎవరైనా బోర్డు పెడతారా? జొన్నగిరే అప్పటి సువర్ణగిరి అని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు.

జొన్నగిరి ఇప్పుడు వజ్రాలకు పేరు. జూన్‌లో తొలకరి పడి ఎర్రమట్టి కడుక్కుపోగానే ఎక్కడెక్కడి వాళ్ళో పిల్లాజెల్లాతో వచ్చి చేలల్లో తల వంచుకుని తిరుగుతారు. గదులు అద్దెకు తీసుకుంటారు, చెట్ల కింద పడుకుంటారు. ఆ నాలుగు వారాల్లో లెక్క రాస్తే ఈ చుట్టుపక్కల ఊళ్ళు పట్నాలు. ఫిబ్రవరిలో మాత్రం బస్సులోంచి చూస్తే గొర్రెలు, కోసేసిన కందికట్టెలు, అంతే.

జొన్నగిరి దాటినాక ఒక క్రాస్‌లో దిగాను. ఊరికి దారి చీలే చోటును మేం క్రాస్ అంటాం. వేపచెట్టు, టీ కొట్టం, సిమెంటు బల్ల. ఊరు లోపలికి నాలుగు కిలోమీటర్లు. ఆటో నిలబడి ఉంది. డ్రైవరు చెట్టు కింద ఫోను చూసుకుంటున్నాడు.

"ఎప్పుడు పోతుందప్పా?"

"తొమ్మిదిమంది అయితే."

నాతో కలిపి ముగ్గురం. ఆటోకు టైము ఉండదు, సంఖ్యే ఉంటుంది. గంటా పది నిమిషాలు కూర్చున్నాం. అరవై దాటిన ఒకాయన మోకాళ్ళ నొప్పికి మాత్రలు తెచ్చుకుంటున్నాడు. ఆశా కార్యకర్త ఒకామె చేతిలో టీకాల డబ్బా, మధ్యమధ్య మూత తీసి ఐసు కరిగిందేమోనని చూసుకుంటోంది. ఆఖరికి ఆమే "నేను రెండు సీట్లకు ఇస్తాను, కదులన్నా" అంది. ఏడుగురం మనుషులం, ఒక గ్యాస్ సిలిండరు, రెండు దాణా మూటలు. మూటను డ్రైవరు మనిషి కిందే లెక్కేసుకున్నాడు.

ఊళ్ళో నేను దిగింది మా బడిలో మధ్యాహ్న భోజనం వండిన అక్క ఇంట్లో. మట్టి మిద్దె, గచ్చు అరుగు. అక్కడక్కడా పెళ్ళలు రాలినా మిద్దె నిలబడే ఉంది, అక్క కూడా. రాత్రి జొన్నరొట్టె, ఊరిబిండి. తింటూ పాత మాటలు తవ్వుకున్నాం.

"ఆ పిల్ల గుర్తుందా టీచరమ్మా? నీ లెక్కలో పడని పిల్ల?"

ఎందుకు గుర్తుండదు! జనాభా లెక్కకు ఒక గడియ ఉంటుంది. 2011లో అది మార్చి 1వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరిగి రాస్తాం. తర్వాత అయిదు రోజులు మళ్ళీ తిరిగి, ఆ అర్ధరాత్రికి ముందు పుట్టినవాళ్ళను చేరుస్తాం, పోయినవాళ్ళను కొట్టేస్తాం. అట్లా తిరుగుతుంటే ఒకింట్లో పసికందు. సరిగ్గా ఆ రాత్రే పుట్టింది. "పన్నెండుకు ముందా, తర్వాతా?" అని అడిగాను. అవ్వ తాపీగా "గడియారం యాడుంది తల్లీ, కోడి కూసినాక" అంది. కోడి పన్నెండులోపు కూయదు కదా. రాయలేదు. ఆ పిల్లకు ఇప్పుడు పదిహేనేళ్ళు నిండబోతున్నాయి. దేశం లెక్కలో ఇంకా పుట్టలేదు.

రెండో రోజు

పొద్దున్నే నోటు పుస్తకం తీసుకుని వీధులు తిరిగాను. 2011 ఫారాలు నా దగ్గర లేవు, ఉండకూడదు కూడా. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ఎవరింటి వివరాలూ ఎవరికీ చూపకూడదు, అవి కోర్టులో సాక్ష్యానికి కూడా పనికిరావు. కానీ తొమ్మిదేళ్ళు తిరిగిన వీధులు. ఏ గుమ్మం ఎవరిదో కాళ్ళకే తెలుసు.

నూట ఇరవై ఎనిమిది తలుపులు. డెబ్బై ఒకటికి తాళం.

తాళం పడిన ఇల్లంటే పాడుబడిన ఇల్లు కాదు. వాకిట్లో పొయ్యి బోర్లించి ఉంటుంది, గడపకు సంక్రాంతి పసుపు ఇంకా వెలిసిపోలేదు. వీళ్ళంతా సుగ్గికి పోయారు. కర్నూలు పడమటి మండలాల్లో ఈ మాట తెలియనివాళ్ళు ఉండరు. పత్తి తీయడం అయిపోయి, సంక్రాంతి చేసుకుని, గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోవడమే సుగ్గి. ఇంటికి తాళం, గొడ్లు బంధువులకు, ముసలివాళ్ళు ఊరికి. మళ్ళీ వచ్చేది ఉగాదికి. ఇక్కడ వానలు పడితే వేరుశనగ, పడకపోతే అప్పు. అక్కడ కోసినన్ని కిలోలకు కూలి, ఇంటిల్లిపాదీ కోస్తే చేతికి నాలుగు డబ్బులు.

అసలు మెలిక ఎక్కడుందంటే, జనాభా లెక్కలు రాసేదీ ఫిబ్రవరిలోనే. రూలు ఇది: ఆ ఇరవై రోజుల్లో ఒక్కరోజైనా ఊళ్ళో ఉన్న మనిషిని ఈ ఇంట్లో రాయొచ్చు. ఇరవై రోజులూ లేకపోతే రాయకూడదు, ఎక్కడుంటే అక్కడివాళ్ళు రాయాలి. నేను రూలు తప్పలేదు. పక్కింటివాళ్ళు "ఉగాదికి వస్తారు టీచరమ్మా, రాసుకో" అంటున్నా రాయలేదు. గుంటూరు చేలగట్ల మీద గుడిసెల్లో ఉన్నవాళ్ళను అక్కడి అయ్యవారు రాసే ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. రాశాడో లేదో, ఆయన మిరపచేనులోకి దిగాడో లేదో నాకెట్లా తెలుస్తుంది? 2011లో కర్నూలు జిల్లా జనాభా 40,53,463 అని ప్రకటించినప్పుడు ఆ చివరి మూడు అంకెలను చాలాసేపు చూశాను. మా ఊరు నాకు గుర్తున్నంతలో నాలుగు వందల యాభై లోపు తేలింది. పండగనాడు రాసి ఉంటే ఏడు వందలు దాటేది.

ఈ రోజు ఊళ్ళో ఎందరున్నారని కనబడ్డవాళ్ళనల్లా అడిగాను. ఆటో డ్రైవరు నూట యాభై అన్నాడు, అతను చూసేది తిరిగేవాళ్ళనే. రేషన్ డీలరు కార్డుల్లో ఉన్న పేర్లు ఆరు వందల చిల్లర అన్నాడు. "కానీ నెలకు సగం మందే వేలు పెడతారు. మిగతావాళ్ళు పోర్టబిలిటీలో గుంటూరు పక్కనే బియ్యం తీసుకుంటారు. నా కమీషను వాళ్ళతోపాటే సుగ్గికి పోతుంది" అన్నాడు. బడిలో ఇప్పుడున్న టీచరు చిన్నపిల్ల, రిజిస్టరు తెరిచి చూపించింది. సంక్రాంతి దాటినప్పటి నుంచి పేర్ల ఎదురుగా 'ఆ' లే, అంటే ఆబ్సెంటులే ఎక్కువ. కొందరు పిల్లల్ని సీజనల్ హాస్టల్లో పెట్టారు. తల్లిదండ్రులు వలసపోయిన నెలల్లో పిల్లలు చదువు మానకుండా అక్కడే తిని పడుకునే ఏర్పాటు అది. మా కాలంలో అయితే పిల్లల్ని మూటల మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాళ్ళు, ఉగాదికి వచ్చేసరికి ఒకటో ఎక్కం కూడా మరిచిపోయేవాళ్ళు.

పీర్ల చావిడి అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ను అడిగితే ఎదురు ప్రశ్న వేశాడు: "ఎవుర్ని లెక్కపెట్టల్ల? తిని పండుకునేటోళ్ళనా, చస్తే మోసేటోళ్ళనా? మోసేటోళ్ళయితే పదైదు మంది లేరు." నేను అది రాసుకోలేదు గానీ, ఇంతకంటే సరైన లెక్క ఆ రోజు నాకెవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక అక్క మనవడు తోడు రాగా పొలాల మీదుగా రెండు కిలోమీటర్లు నడిచి ఒక దిబ్బ దగ్గరికి పోయాను. చూడ్డానికి ఏమీ ఉండదు. తలుపుల్లేని ఆంజనేయస్వామి గుడి, పూడిపోయిన మెట్లబావి, రాతిగోడల ఆనవాళ్ళు, కంపచెట్లు. ఒకప్పుడు ఇదీ ఊరే. రెవెన్యూ కాగితాల్లో ఇట్లాంటివాటిని 'బేచిరాగ్' గ్రామం అంటారు. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ అంటే దీపం పెట్టే దిక్కులేనిదని. నవాబుల కాలపు మాట, ఎంత బరువైనదో! ఇది ఎప్పుడు ఖాళీ అయిందో ఎవరికీ తెలియదు. ధాత కరువులో అంటారు కొందరు. 1876–78 నాటి ఆ కరువు సీమను ఎట్లా ఊడ్చిందంటే, 1871లో కంటే 1881లో కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాల్లో జనం తగ్గిపోయారు. మనుషులు పెరగడమే చూసిన మనకు, తగ్గిన లెక్క ఒకటి రాయాల్సి వచ్చిందంటే ఊహకు అందదు.

ఇప్పుడు చెబుతాను, మా ఊరి పేరు పుస్తకంలో ఎందుకు దొరకదో. జనాభా పుస్తకంలో ఉండేవి రెవెన్యూ గ్రామాల పేర్లు. ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక పేరు, ఒక కోడు నంబరు. మా ఊరు రెవెన్యూ గ్రామం కాదు, మజరా. అంటే మూడు కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద ఊరి హద్దుల్లో వెలసిన శివారు పల్లె. పంచాయతీ ఆఫీసు, సచివాలయం, రేషన్ లెక్క అన్నీ అక్కడే. మా ఊళ్ళో ఎవరు పుట్టినా పోయినా ఆ పెద్ద ఊరి అంకెలో కలుస్తారు, విడిగా కనబడరు. ఈ దిబ్బ మాత్రం రెవెన్యూ గ్రామమే. కాబట్టి దీనికి పేరుంది, కోడుంది, ప్రతి పదేళ్ళకూ పుస్తకంలో ఒక వరుస ఉంది. జనాభా దగ్గర సున్నా.

పిల్లోడికి ఇదంతా చెబితే కాసేపు ఆలోచించి, "అయితే మనోళ్ళంతా ఈడికొచ్చి పండుకుంటే?" అన్నాడు. ఏడో తరగతి. పెద్దయ్యాక తహసీల్దారు కావాల్సినవాడు.

మూడో రోజు

పత్తికొండ పోయాం, నేనూ అక్కా. అక్కకు బ్యాంకులో పని, నాకు ఊరికే.

పోవడానికి ముందు దారి సంగతి చెప్పాలి. నేను పనిచేసిన రోజుల్లో ఊరికి బస్సు వచ్చేది. రాత్రి ఎనిమిదికి వచ్చి ఇక్కడే ఆగేది, నైట్ హాల్ట్. డ్రైవరూ కండక్టరూ బడి వరండాలో పడుకునేవాళ్ళు. ఊరివాళ్ళే వంతులవారీగా రొట్టెలు పంపేవాళ్ళు. తెల్లవారి ఆరింటికి పాలక్యాన్లు, వంకాయ గంపలు, కాలేజీ పిల్లలు, కోర్టు వాయిదాలవాళ్ళు అందర్నీ నింపుకుని పత్తికొండకు పోయేది. బస్సు హారనే ఊరికి గడియారం. కరోనా లాక్‌డౌన్‌లో ఆగింది, మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదంటే కండక్టర్ల భాషలో ఒక మాట ఉంది, ఓఆర్ అని. సీట్లు ఎన్ని, నిండినవి ఎన్ని అనే లెక్క. సుగ్గి నెలల్లో ఊళ్ళో సగం మంది లేకపోతే ఓఆర్ ఎట్లా వస్తుంది? బస్సు పోయినాక కాలేజీ పిల్లలున్న రెండు మూడు ఇళ్ళు పత్తికొండకు కాపురం మార్చాయి. వాళ్ళూ పోయాక ఇక అడిగేవాళ్ళు ఎవరు?

ఇప్పుడు టికెట్టే లేని రోజులొచ్చాయి కదా, ఊరి ఆడవాళ్ళకు కోపం ఎక్కడంటే, ఆ ఉచితం క్రాస్‌లో మొదలవుతుంది. క్రాస్ నుంచి పత్తికొండకు సున్నా, ఇంటి నుంచి క్రాస్‌కు ఆటో డబ్బులు. "ఫ్రీ మా ఇంటికాడికి రాలేదు టీచరమ్మా, క్రాస్ కాడ నిలబడుకోని పిలుస్తాంది" అంది అక్క.

ఆ నాలుగు కిలోమీటర్లలో మూడు కంకర రోడ్డు. నడుమ ఒక వంక. దానిమీద కల్వర్టు లేదు. వాన పడితే పైన పారే నీళ్ళు దిగేదాకా అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. ఒకసారి పురిటి నొప్పుల మనిషిని మంచంమీద మోసి వంక దాటించడం నా కళ్ళతో చూశాను. తారు రోడ్డు కోసం ఊరివాళ్ళు తిరగని చోటు లేదు. ఒక ఆఫీసులో వాళ్ళకు చెప్పిన జవాబు: మీ ఆవాసంలో 500 మంది లేరు.

ఆ 500 గాలిలోంచి ఊడిపడిన అంకె కాదు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు లేని ఆవాసాలకు రోడ్డు వేయడానికి పెట్టిన గీత అది. మైదానంలో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250. మొదట 2001 లెక్కలు చూసేవాళ్ళు. 2024లో ఒప్పుకున్న నాలుగో విడతకు చూసేది 2011 లెక్కలు. అంటే నేను రాసినవి.

ఇది అక్కకు చెప్పాలా వద్దా అని ఆటోలో దారంతా టెన్షన్ పడ్డాను. వంక దాటుతుంటే చెప్పేశాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దుమ్ముకో నవ్వుకో తెలియదు, "అయితే నువ్వొక యాభై మందిని కనల్సిండె" అంది.

పత్తికొండ టమాటాలకు పెద్ద మార్కెట్టు. రేటు పడిపోయిన రోజుల్లో రైతులు రోడ్డుమీద పారబోసి పోవడం మనం టీవీల్లో చూసేది ఇక్కడిదే. పారబోయడంలో కూడా దారి ఖర్చు ఉంది. మా ఊరి రైతు బాక్సులు క్రాస్ దాకా ఒక బండిలో, అక్కడి నుంచి ఇంకో బండిలో తేవాలి. రేటు రూపాయో రెండో పలికితే ఆటో బాడుగ కూడా రాదు కాబట్టి, మా వాళ్ళు పారబోయడానికి మార్కెట్టు దాకా రారు, చేన్లోనే గొర్రెలను తోలుతారు. అందుకే టీవీలో ఎప్పుడూ కనబడరు.

అక్క బ్యాంకులో వరుసలో ఉండగా నేను ఊళ్ళో తిరిగాను. 1827 జూలై 6న మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలరా తగిలి పోయింది ఈ పత్తికొండలోనే. ఇంగ్లండు పోయేముందు చివరిసారి చూసి పోదామని వచ్చాడు. గుత్తిలో పూడ్చి, తర్వాత అస్థికలు మద్రాసుకు తీసుకుపోయారు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చినప్పుడు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, ఏడేళ్ళు గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగి చేను చేనుకూ కొలతలు వేయించి, రైతు పేరున రైతువారీ పన్ను కట్టించాడు. జనం మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు కూడా పెట్టుకున్నారు. దొరల మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ లేదు. పన్ను కోసం కొలిచాడు, ఊరికే కాదు. కానీ లెక్క రాసేవాడు ఊళ్ళో పడుకుని రాయాలని తెలిసిన మనిషి. నేను పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయాను.

తిరిగొచ్చేటప్పుడు క్రాస్‌లో చీకటి పడింది. ఆటో లేదు. ఇద్దరం నడిచాం. సగం దారిలో వెనక నుంచి ఒక బండి వచ్చి ఆగింది. బండి మీద తండ్రి, వెనక స్కూలు బ్యాగుతో ఒక ఆడపిల్ల. అక్క చెవిలో చెప్పింది, ఆ పిల్లేనని. తొమ్మిదో తరగతి. పెద్ద ఊరి హైస్కూలుకు రోజూ నడిచి పోతుంది, ఆ రోజు పరీక్ష ఉండి ఆలస్యమైతే తండ్రి పోయి తీసుకొస్తున్నాడు. పిల్ల దిగి అక్కను బండెక్కించి, నాతో నడిచింది. వంక దాకా ఏమీ మాట్లాడలేదు. అక్కడ ఉన్నట్టుండి అడిగింది: "మీరు నన్ను రాయలేదంట కదా?"

"అవును. వచ్చే ఏడాది రాస్తార్లే."

"ఫిబ్రవరిలోనా? మేమప్పుడు ఉండం. పది పరీక్షలని నన్ను అవ్వ కాడ ఇడిసిపెడితేనే."

చీకట్లో పిల్ల ముఖం కనబడలేదు. ఇళ్ళ లెక్కలు ఈ ఏడాది ఏప్రిల్‌కూ సెప్టెంబరుకూ మధ్య రాస్తారు, అప్పటికి తాళాలు తీసి ఉంటాయి. ఇళ్ళు లెక్కకు వస్తాయి. మనుషుల లెక్క మాత్రం మళ్ళీ సుగ్గి నెలలోనే. ఈసారి కులం కూడా రాస్తారట, ఫోనులోనే రాస్తారట. ఫోను మారింది గానీ నెల మారలేదు.

నాలుగో రోజు

తెల్లవారుజామున నాలుగుకు హారన్ మోగింది. పాత అలవాటున బస్సని లేచి కూర్చున్నాను. బస్సు కాదు, ఐచర్ బండి. ఊళ్ళో మిగిలిన చివరి ముఠా సుగ్గికి పోతోంది. పత్తి ఆలస్యంగా పండిన ఇళ్ళవాళ్ళు.

నాలుగు కిలోమీటర్లు లోపలికి ఆటో రావడానికి తొమ్మిదిమంది కావాలి, బస్సు రావడానికి ఓఆర్ కావాలి, రోడ్డు రావడానికి 500 కావాలి. ఈ బండి మాత్రం వంక దాటి, పీర్ల చావిడి ముందు దాకా వచ్చి నిలబడింది. డోన్, నంద్యాల మీదుగా నల్లమల దాటి, గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ పట్టుకుని నరసరావుపేట వైపు పోతుందట. తుగ్గలిలో రైలెక్కినా ఇంచుమించు అదే దారి, కానీ పొయ్యి, జొన్నల మూట, కోళ్ళగంప, నీళ్ళ డ్రమ్ము రైల్లో పట్టవు కదా.

ముందు సామాను, దానిమీద దుప్పట్లు, వాటిమీద ఆడవాళ్ళు, పిల్లలు, చివర మగవాళ్ళు. ఒక ముసలామె బండి చక్రం దగ్గర నిలబడి మనవరాలి చేతిలో వేయించిన బుడ్డల పొట్లం పెట్టింది, మళ్ళీ తీసుకుని ముడి గట్టిగా వేసి మళ్ళీ పెట్టింది. ఎవరూ ఏడవలేదు. ఏడుపు మొదటి ముఠా పోయినప్పుడే అయిపోయి ఉంటుంది.

మేస్త్రీ టార్చి వేసి, వెనక తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టాడు. పెద్దలు ముప్పై నాలుగు, పిల్లలు ఆరుగురు. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఒకరు తక్కువ వచ్చారు. ఎవరో పాలపొదుగు చూడ్డానికి కొట్టంలోకి పోయారని తేలింది, వచ్చేదాకా బండి కదల్లేదు. నా శిక్షణలో మూడు రోజులు చెప్పిన పాఠం అతను ఎక్కడా నేర్చుకోలేదు, కానీ ఒక్క తల పోకుండా రాశాడు. తల ఒక్కంటికి అడ్వాన్సు ఇచ్చాడు మరి.

"క్రాస్ దాకా వస్తావా టీచరమ్మా? గుత్తి బస్సు అయిదున్నరకు ఉంటాది" అన్నాడు. అక్కకు చెప్పి, సంచి పట్టుకుని ఎక్కాను. అక్క ఏమీ అనలేదు, నా సంచిలో ఊరిబిండి డబ్బా పెట్టింది.

బండి కదిలింది. వంకలో దిగి ఎక్కేటప్పుడు అందరం ఒకరిమీద ఒకరు పడ్డాం. ఒక పిల్లోడు నా ఒళ్ళో పడి, అక్కడే నిద్రపోయాడు. వెనక ఊళ్ళో నాలుగైదు దీపాలు కనబడ్డాయి. కాసేపటికి గట్టు అడ్డం వచ్చింది.

క్రాస్‌లో పిల్లోణ్ణి పక్కామెకు అందించి దిగాను. క్లీనరు టార్చి లోపలికి వేసి చూసి, "మేస్త్రీ, ఒకరు దిగినారు" అని అరిచాడు.

ముందు సీట్లోంచి జవాబు వచ్చింది. "ఆయమ్మ లెక్కలో లేదులే. పోనీ."